నాయిన సందుగల ఒంటి పట్టగొలుసు

సూరత్, గోడాదరా
నూలు పున్నం పోయిన నాలుగో రోజు, 2020

అక్క బాలవ్వకు తమ్ముడు గంగారాం దండం పెట్టి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలువెట్టుడు పద్ధతి గనుక రాసిన. క్షేమం ఏం లేదు. రోగం సంగతి కాదు. రోగం మా గల్లీ మొగదాంక వచ్చి తిరిగిపోయింది. ఇది వేరే.

ఫోన్ల చెప్పొచ్చు గని మా ఇంట్ల రెండే ఖోలీలు, ఏడుగురం మనుషులం. లూములు బందువడ్డ కాన్నుంచి అందరు ఇంట్లనే. నేను హలో అంటె ఏడుగురు పని ఆపి వింటరు. అందుకే ఉత్తరం. నా సదువు రెండో తరగతి, నీకెరికె. తప్పులుంటె దాటుకుంట చదువు.

మన రవీంద్ర బిడ్డ సింధూజకు బార్డోలీ సంబంధం కుదిరిందని చెప్పిన గద. పిల్లగాడు సాయికుమార్, చెక్కర మిల్లుల పని. పిల్లగాని తల్లి పద్మారాణి. అమ్మమ్మ భాగీరథి, ఆ ఇంటికి పెద్ద ఆమెనే. బార్డోలీ పేరు ముందుగాల మా ఇంటామె, నీ ఆడిబిడ్డ సారక్క ఎక్కడ్నో విని తెచ్చింది. గని చూసింది నేనే. గోత్రం అడిగింది నేనే, వరస లెక్కగట్టింది నేనే. "గంగారాం చూసిన వరస తప్పదు" అని గల్లీల పెద్దమనుషులంటరు. కార్తీకంల పెండ్లి అనుకున్నం.

మొన్న పండుగనాడు నాయిన సందుగ తీసిన. అమ్మ నేతచీర అండ్ల ఉంటదని, పిల్లకు పెడుదామని. చీర ఎలుకలు కొట్టినయి. దాని కింద ఒక గుడ్డ మూట. ఇప్పితె ఎనిమిది కార్డులు, ఒక చంటిపిల్ల అంగి, ఒక్క వెండి పట్టగొలుసు. జత కాదు. ఒక్కటే.

కార్డులు ఒక ఆడామె ఎవరితోనో రాయించినయి. ఒకటి చూసి రాస్తున్న, విను.

"మీ పాదాలకు దండం. బార్డోలీల మేము మంచిగున్నం. మన భాగీరథి అడుగులేస్తున్నది. నాయినేడి అంటె సూరత్ దిక్కు చెయ్యి చూపెడుతున్నది. కొండి ఊడిన పట్టగొలుసు మీరు బాగుచేపిస్తనని తీస్కపోయిండ్రు, ఇంక తేలేదు. సెలవు దొరికితె రాండ్రి."

ఎవరికి రాసిందో పేరు లేదు. ఏ పెండ్లామన్న మొగని పేరు చెప్తదా? చెప్పలేదంటెనే పెండ్లాం అన్నట్టు. ఇగ పైన చిరునామా చూడు. మార్కండేయ ఖోలీ, లింబాయత్, సూరత్. లింబాయత్‌ల ఖోలీ ఉన్న మార్కండేయ ఎవరక్కా? మన నాయిన.

రెండ్రోజులు వేళ్ల మీద లెక్కవెట్టిన. భాగీరథి నాయిన బిడ్డయితె నాకు చెల్లె. చెల్లె బిడ్డ పద్మారాణి నా కొడుకు రవీంద్రకు మరదలు. మరదలి కొడుకు వానికి కొడుకు వరస. అంటె సాయికుమార్ సింధూజకు అన్న. అన్నకు చెల్లెనిస్తున్ననక్కా! అదే భాగీరథికి కొడుకు పుట్టి, ఆ కొడుకు కొడుకైతె బావ వరస కలిసేది. బిడ్డను కని ముంచింది నన్ను.

పిల్ల ఫోన్ల ఆ పిల్లగాని ముఖం చూసి నవ్వుకుంట తిరుగుతున్నది. నాకు చాయ గొంతు దిగుతలేదు. నాయిన సంగతి నీకేమన్న ఎరికెనా? జల్ది రాయి.

ఇట్లు
నీ తమ్ముడు
గంగారాం

మరిచిన సంగతి: ఉత్తరం గూట్లెనే పెడుతున్న, భయం లేదు. నీ ఆడిబిడ్డకు సదువు రాదు గద. కూరగాయలకు పోయినప్పుడు ఆమెనే డబ్బాల ఏస్తది. ముసలోళ్లను బయటికి పోనిస్తలేరు. ఆమె ముసల్ది కాదట, నేనే ముసలోన్నట.

* * *

సిరిసిల్ల
వినాయక చవితి పోయినంక

తమ్మునికి అక్క బాలవ్వ దీవించి రాసేది.

కండ్లద్దాల పుల్ల ఇరిగింది. దారం చెవికి కట్టుకొని రాస్తున్న. నువ్వు రాసింది చదివితె ఆ దారం గూడ తెగేటట్టున్నది.

నాయిన ఎసొంటోడురా? ఇంటికొచ్చిన గాజులామెను గూడ తలెత్తి చూడనోడు. అమ్మ చేసిన కూరల ఉప్పు లేదని చెప్పనీకి గూడ సిగ్గువడ్డోడు. ఆయనకు ఇంకో సంసారమా? ఒక్కదాన్ని నడిపెతందుకే ఆయనకు పానం పోయింది.

గని తమ్మీ, బార్డోలీ సంబంధమంటె బార్డోలీ అనుకున్న. పిల్లగాని అమ్మమ్మ పేరు భాగీరథి అని నాకు ఎవ్వలు చెప్పలే. ఆ పేరు చదివిన కాన్నుంచి బీడీలు చుట్టబోతె ఆకులు చినుగుతున్నయి.

ఒక్కటే మాట. ఆ కార్డులు పొయ్యిల పెట్టు. పాత సందుగలు తీస్తె బొద్దింకలు వస్తయి, మంచిమాటలు రావు. పెండ్లి నిమ్మలంగ చెయ్యి. ఎవ్వలనేం అడుగకు. భాగీరథిని అసలే అడుగకు.

నీ అక్క
బాలవ్వ

ఇంకో మాట: కవరు గంజితోని అతికించినవేందిరా? పడుగుకు పెట్టినట్టు గట్టిగ పెట్టినవు. చింపుదామంటె చినుగలే, కత్తిపీట మీద కోసిన. సూరత్‌ల గోందు దొరుకదా?

* * *

సూరత్
పెత్రమాసకు వారం ముందు

అక్క బాలవ్వకు తమ్ముడు దండం పెట్టి రాసేది.

నీ ఉత్తరం పది దినాలకు వచ్చింది. చదివినంక నా భయం పోతదనుకున్న, రెండింతలయ్యింది.

గంజి నాకెక్కడిది? నేను నీళ్లు తడిపి అతికించిన. రోగానికి భయపడి దారిల ఎవరన్న ఇప్పి మందుగొట్టి మల్ల అతికిస్తున్నరేమో.

ఇగ అసలు మాట. కార్డులు కాల్చుమన్నవు. ఏమెరుగనోళ్లు కాల్చుమంటరా? దాపెట్టాల్సింది ఉన్నోళ్లే నిప్పడుగుతరు. డెబ్బై రెండేండ్లొచ్చినయి నాకు, బట్ట ముట్టి చెప్తా పడుగెంత పేకెంత అని. నీ ఉత్తరం ముట్టుకుంటనే తెలిసింది, లోపల ముడి ఉన్నది.

ఇక్కడ నేను పడే పాట్లు విను. పెండ్లి ఆపుదామని ముందుగాల పంచాంగం పట్టుకున్న. అధికమాసం వస్తున్నదన్న. "అది అయినంకనే గదా నాయినా పెండ్లి" అన్నడు రవీంద్ర. రోగం పోయినంక చేద్దామన్న. "యాభై మందికి పర్మిషన్ ఇస్తున్నరు, సాలు" అన్నడు. సరే, ఆ యాభై మంది పేర్లు నేనే రాస్తనని కూసున్న. చూసి చూసి యాభై రాసిన. సింధూజ చదివి, "తాతా, ఇండ్ల పెండ్లికొడుకు పేరు లేదు" అన్నది. జాగ సరిపోలేదని చెప్పిన. అందరు నవ్విండ్రు. నీ ఆడిబిడ్డ అందరికన్న ఎక్కువ నవ్వింది.

నవ్వు నాకెందుకొస్తదక్కా? పొద్దుకు పదిసార్లు సందుగ తీసి ఆ పట్టగొలుసు చూస్తున్న. ఇంత చిన్న కాలు. నాయిన నన్నెప్పుడన్న ఎత్తుకున్నడా? యాదికి లేదు. ఆ పిల్లకు పట్టగొలుసు చేపిచ్చిండు. నాకు మొలతాడు గూడ అమ్మనే కట్టింది.

ఒక్క ముక్కల రాయి. భాగీరథి సంగతి నీకు ఎరికెనా, కాదా? అమ్మ మీద ఒట్టు.

ఇట్లు
గంగారాం

మరిచిన సంగతి: పంతులుకు ఫోన్ చేసి జాతకంల ఏదన్న దోషం చెప్పుమన్న. మంచి జాతకమయ్యా అబద్ధమెట్ల చెప్పాలె అన్నడు. ఈ రోగమొచ్చినంక పంతుళ్లు గూడ నిజాలు చెప్తున్నరు.

* * *

సిరిసిల్ల
పెత్రమాస తెల్లారి

తమ్ముడు గంగారాంకు బాలవ్వ రాసేది.

అమ్మ మీద ఒట్టు పెట్టినవు. నిన్న అమ్మకు, నాయినకు బియ్యమిచ్చి వచ్చిన. ఆ చేతితోనే రాస్తున్న, అబద్ధం రాయను.

ఎరికె. ముప్పై ఏండ్ల సంది ఎరికె.

తప్పు నాదే. భాగీరథి మన ఇంటికి రావాల్సిన పిల్ల. నా చేతులల్లనే ఆగిపోయింది. కావాలని చేయలేదు తమ్మీ. గని చెప్తె నమ్మేదెవరు? నీ సంసారం నిలబడ్డది, పిల్లలు పుట్టిండ్రు, ఇగ తోడి ఏం లాభమని నోరు కుట్టుకున్న. అమ్మ పోయేటప్పుడు గూడ చెప్పలే. ఆమెకు నోట్ల నీళ్లు పోసుకుంట చెప్దామనుకున్న, పెదవులు రాలే.

అయినా దానికి, ఈ పెండ్లికి ఏం అడ్డం? దేవుడే తిప్పి తిప్పి ఆ ఇంటిని, ఈ ఇంటిని కలుపుతున్నడు. మంచిగ చెయ్యి. అప్పుడు జరిగిన తప్పుకు గిట్లనన్న పరిహారమయితది.

నీ అక్క
బాలవ్వ

ఇంకో మాట: మల్ల గంజే.

* * *

సూరత్, ఒక స్కూలు, నాలుగో తరగతి ఖోలీ
బతుకమ్మ పేర్చిన ఐదోనాడు

బాలవ్వకు గంగారాం రాసేది. దండం పెడుతలేను.

పరిహారమా? అన్నకు చెల్లెను కట్టబెట్టి పరిహారమంటవా? నువ్వు మనిషివా, బాలవ్వవా?

చెల్లె ఉన్నదని ముప్పై ఏండ్లు నీ నోట రాలే. ఊకె "తమ్మీ, పుట్టింట్ల మనమిద్దరమే" అని ఏడ్చేదానివి. ముగ్గురమని తెలిసే ఏడ్చినవన్నట్టు.

నేను స్కూల్ల ఎందుకున్ననో విను. సదువుకోనీకి కాదు. అధికమాసం పోంగనే బార్డోలీ నుంచి భాగీరథి, పద్మారాణి ముహూర్తం మాట్లాడుతమని వచ్చిండ్రు. ఆ భాగీరథి ముఖం ఎట్ల చూడాలె? ముక్కు జూస్తె నాయిన ముక్కే అనిపించింది. చెవి జూస్తె చెవి. పంతులు ఫోన్ల ముహూర్తం చెప్పబోతున్నడు, నాకు ఆపే దారి దొరుకలే. దగ్గిన. ఊకెనే దగ్గిన అక్కా. ఒకటి దగ్గితె అందరు గోడలకు అతుక్కున్నరు. రెండోది దగ్గితె పంతులు ఫోన్ పెట్టేసిండు. ఆయన ఉన్నది సిరిసిల్లల!

ముహూర్తమైతె ఆగింది. గని నా మనుమరాలు భయపడి ఏ నంబరుకో కొట్టింది. తెల్లబట్టలోళ్లు వచ్చి ముక్కుల పుల్ల పెట్టిండ్రు, తీస్కపోయి ఈడ పండవెట్టిండ్రు. రోగం లేదని కాయిదం వచ్చిందట. గని దగ్గు రాసుకున్నరు గనుక పది దినాలు ఉండాల్నట. నా మంచం పక్కపొంటి నల్లబోర్డు. దాని మీద గుజరాతీల ఎక్కాలు. పన్నెండో ఎక్కం దాంక వచ్చేసింది నాకు.

నవ్వకు. నిన్న సింధూజ టిఫిను తెచ్చి గేటు బయట నిలవడ్డది. మాస్కు పైన కండ్లు ఎర్రగున్నయి. "తాతా, సచ్ బోలో, నిజం చెప్పు. నీకు సాయి నచ్చలేదా?" అన్నది. నేను టిఫిను అందుకున్న. "నీకిష్టం లేకుంటె నేనే వద్దని చెప్తా. నాకేం కాదు. నువ్వు మాత్రం మంచిగ ఇంటికి రా" అన్నది. ఏం చెప్పాలె? వాడు నీ అన్న బిడ్డా అని గేటుకు అవతల నిలవడ్డదానికి మొత్తుకోవాల్నా? అప్పుడు నిజంగనే దగ్గొచ్చింది.

నేను ఈడికెల్లి ఇడిచిపెట్టంగనే అందరి ముందల సందుగ తీస్త. నాయిన మానం పోతె పోనీ. గంగారాం చూసిన వరస తప్పదన్న పేరు పోతె పోనీ. ఆ పిల్ల పెండ్లి మాత్రం కానియ్య.

గంగారాం

మరిచిన సంగతి: ఈ ఉత్తరం గేటు కాడ సారక్కకు ఇస్తున్న. రోగపోళ్ల నడుమనుంచి వచ్చింది, ఎండల పెట్టి చదువు. కోపంల రాసిన, అదొక్కటి ఎండకు పోదు.

* * *

సిరిసిల్ల
దసరా పోయినంక

తమ్మునికి బాలవ్వ రాసేది.

ఉత్తరం రెండు రోజులు ఎండల పెట్టిన. ఒక పొద్దు గాలికి ఎగిరి పక్కింటి దొడ్లె పడ్డది. వాళ్లు చదువకముందే తెచ్చుకున్న.

నువ్వు నన్ను మనిషివా అన్నవు. అను. అనే హక్కు నీకున్నది. గని ఈ అన్న, చెల్లె అన్న మాట ఏందో నాకు సమజయితలేదు. కోపంల మనిషికి వరసలు గూడ తప్పుతయి కావచ్చు.

నేను అడిగేది ఒక్కటే. ఇప్పుడు ఇంత కోపమెందుకురా? డెబ్బై రెండేండ్ల వయసుల! సారక్క నీకేం తక్కువ చేసింది? నువ్వు సూరత్‌ల ఉంటె ఇరవై ఏండ్లు ఈడ పిల్లలను ఒక్కతే సాదింది. మగ్గం నేసింది, బీడీలు చుట్టింది. నీ జ్వరాలకు, నీ నోటికి, రెండింటికి ఓర్చుకున్నది. ఆమె ముఖం చూసి చెప్పు, నీకు అన్యాయమయ్యిందా? ఆమె ముందల సందుగ తీసి ఆ సంగతి మాట్లాడినవనుకో, నేను మల్ల నీ గడప తొక్క.

బాలవ్వ

ఇంకో మాట: నాకు గూడ దగ్గొస్తున్నది. నీ లెక్క దొంగదగ్గు కాదు, మిరపకాయలు దంచిన.

* * *

సూరత్, గోడాదరా, మన ఇల్లు
దివిలి అయిన రెండోనాడు

అక్క బాలవ్వ పాదాలకు తమ్ముడు గంగారాం దండం పెట్టి రాసేది. పోయిన ఉత్తరంల పెట్టని దండం గూడ ఇండ్లనే కలుపుకో.

నేను బయటవడ్డ. పిల్లల పండుగ చెడగొట్టుడెందుకని దివిలి కాంగనే సందుగ తీద్దామనుకున్న. గని నీ ఉత్తరం ముందుగాల చేతికొచ్చింది. చదివిన, మల్ల చదివిన, ఒక్క ముక్క తలకెక్కలే. నాయిన రెండో సంసారానికి సారక్క ఏం జేసింది? నీకు మిరపకాయల ఘాటు తలకెక్కిందనుకున్న.

సరే, మరుసటి దినం పొద్దుగాల అరుగు మీద కూసున్ననో లేదో, రిక్షా దిగింది భాగీరథి. ఒక్కతే. చేతిల బెల్లం బుట్ట. ఎవరు పిలిచిండ్రంటె సారక్క అట, ఫోన్ చేసి "వదినా, నీ చిన్నప్పటి రెండో పట్టగొలుసు ఉంటె పట్టుకరా" అన్నదట. పట్టగొలుసు సంగతి నీ ఆడిబిడ్డకెట్ల తెలుసో నాకు తెల్వదు. సందుగ నేను తీసినప్పుడు చూసిందేమో.

ఆమె కొంగుముడి ఇప్పి ఒక పట్టగొలుసు అరుగు మీద పెట్టింది. నేను లోపలికి పోయి నాయిన సందుగల దాన్ని తెచ్చి పక్కన పెట్టిన. జత. ఒకటి నల్లగ, ఒకటి తెల్లగ. "అమ్మా, నువ్వు నా చెల్లెవు" అని అననే అన్న.

ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మా అయ్య రాజలింగం. నీకెట్ల చెల్లెనయిత? నీకింక జ్వరమున్నదా?" అన్నది.

రాజలింగం ఎవరో తెలుసా అక్కా? నాయిన షిఫ్టు జతగాడు. నేను సూరత్‌కు రాకముందుగాలనే బార్డోలీకి పోయిండు, అందుకే నేనెరుగ. ఖోలీ ఒకటే, మంచం ఒకటే, సందుగ ఒకటే. ఒకడు లూం మీదికి పోతె ఒకడు వచ్చి ఆ మంచంలనే పండుడు. ఎనిమిదేండ్లు ఇద్దరు ఒక్కచోట ఉండి, ఒకని మేలుకున్న ముఖం ఒకడు సరిగ చూడలేదట. ఖోలీ నాయిన పేరు మీద ఉండె. భాగీరథి అమ్మ మొగని పేరు నోటితోని చెప్పది, రాసేటోనికి గూడ చెప్పలే. మార్కండేయ ఖోలీ అని రాయించింది, ఉత్తరం ఆ ఖోలీకి చేరింది, సందుగల పడ్డది. కొండి ఊడిన పట్టగొలుసు రాజలింగం అండ్లనే పెట్టి మరిచిండు.

సిగ్గువోయే మాట చెప్పాల్నా? నేను గూడ పదకొండేండ్లు గట్లనే పన్న. నా జతగాని బీడీలు నా జేబుల, నా దువ్వెన వాని జేబుల. ఒకసారి వాని పెండ్లాం పంపిన సకినాలు నేనే తిన్న. గిది నాకు తట్టలే! సందుగ మీద నాయిన పేరుంటె లోపలున్నయన్ని నాయినయే అనుకున్న.

ఇగ నాయిన తప్పు లేదు, వరస తప్పు లేదు. గంగారాం చూసిన వరస తప్పదు. సింధూజకు నేనే చెప్పిన, నీ పెండ్లి కార్తీక పున్నానికి రెండొద్దుల ముందు అని. నా మెడ పట్టుకొని ఏడ్చింది. ఈసారి తెల్లబట్టలోళ్లను ఎవ్వలు పిలువలే.

అయితే అక్కా, ఒక్క సంగతి. చెల్లె లేదు, రెండో సంసారం లేదు. మరి నువ్వు అమ్మ మీద ఒట్టేసి ఎరికె అన్నది దేని గురించి? తప్పు నాదే అన్నవు. ఏం తప్పు? పోయేటప్పుడు భాగీరథి ఒక తీరుగ నవ్వి, "మీ అక్క మంచిగున్నదా? ఇప్పుడన్న ఉత్తరాలకు జవాబు రాస్తున్నదా?" అని అడిగింది. వాళ్లయ్య, మన నాయిన ఒక్క ఖోలీల ఉన్న ముచ్చట ముందే ఎందుకు చెప్పలేదంటె, "చెప్తె మల్ల జవాబు రాకుంట పోతదేమోనని" అన్నది. నాకు మల్ల చాయ దిగుతలేదు. రాయి.

ఇట్లు
నీ తమ్ముడు
గంగారాం

మరిచిన సంగతి: ఈసారి కవరు అతికించలే. తెరిచే ఇచ్చిన సారక్కకు. చూద్దాం గంజి ఎవరు పెడుతరో.

* * *

సిరిసిల్ల
కార్తీక పున్నానికి ఆరొద్దుల ముందు

తమ్ముడు గంగారాంకు అక్క బాలవ్వ దీవించి రాసేది.

ఇగ దాపెట్టేది లేదు. ఇండ్ల ఒక పాత కార్డు పెట్టిన. నల్లగయింది, అంచులు చెదలు తిన్నయి. నాయిన అమ్మకు రాయించి పంపింది. అక్షరాలు చెరిగినయి గనుక నేనే తిరిగి రాస్తున్న.

"రాజలింగం బిడ్డ భాగీరథిని మన గంగారాంకు అనుకున్నం. పిల్ల మంచిది, గోత్రం వేరే, వరస కలిసింది. మీకిష్టమైతె జవాబు రాయండ్రి. నెల లోపల జవాబు రాకుంటె వద్దన్నట్టే అనుకుంటం."

అప్పుడు నీకు పందొమ్మిదేండ్లు. నువ్వు బట్టల మూట పట్టుకొని సంతకు పోయినవు. అమ్మ పొలం కాడ. నేను పెద్దోని కాన్పుకు పుట్టింటికొచ్చి, నిండు కడుపుతోని వాకిట్ల కూసున్న. పోస్టాయన కార్డు నా చేతికిచ్చిండు. నాకప్పుడు అక్షరం రాదు. సాయంత్రం పంతులుతోని చదివిద్దామని చూరుల చెక్కిన. ఆ పొద్దే నొప్పులు లేసినయి. ఇగ కార్డు ఎవనికి యాదికుంటది?

నెల దాటింది. అమ్మకు ఇష్టం లేదనుకున్నడు నాయిన. నా మాటకు జవాబు గూడ రాయలేదని కినిసి మల్ల అడుగలే. నువ్వు ఎవరి కొడుకువో అప్పుడే తెలిసిపోవాలె. రాజలింగం ఆరు నెల్లు ఎదురుచూసి బిడ్డను వేరే ఇచ్చిండు. రెండేండ్లకు నేనే నా ఆడిబిడ్డ సారక్కను నీకు అడిగిన. ఇగ చూడు, కార్డు బయటవడితె లోకమేమంటది? ఆడిబిడ్డ కోసం బాలవ్వ కార్డు దాపెట్టింది అంటది. అననే అంటది.

నలభై ఏడేండ్లకు సాయంత్రం బడిల అక్షరాలు నేర్చుకున్న. ఆ ఏడాదే చూరు ఇప్పి రేకులేస్తుంటె కార్డు కిందవడ్డది. నేను కూడబలుక్కొని చదివిన మొట్టమొదటి ఉత్తరం అదే తమ్మీ. సదువెందుకు నేర్చుకున్ననా అని ఆ పొద్దు ఏడ్చిన.

నువ్వు "భాగీరథి సంగతి ఎరికెనా" అని అడిగితె, ఈ కార్డు సంగతే బయటవడ్డదనుకున్న. నువ్వు నాయినను తిడుతుంటె నన్ను తిడుతున్నవనుకున్న. నా పాపం నాకు కనవడ్డది.

గని ఒక్క మాట ఆలోచించు. ఆ కార్డు అప్పుడు చేరి ఉంటె నీకు భాగీరథి వచ్చేది. అప్పుడు రవీంద్ర ఏడి? పద్మారాణి ఏది? ఈ సింధూజ ఏది, ఆ సాయికుమార్ ఏడి? నేను చూరుల చెక్కింది కార్డు కాదురా, పెండ్లిపత్రిక.

పెండ్లికి రాలేను. ఫోన్ల చూపెట్టు. అక్షింతలు ఈ కవర్లనే పెట్టిన, పెండ్లినాటికి అందాలని స్పీడుపోస్టుల ఏస్తున్న.

నీ అక్క
బాలవ్వ

ఇంకో మాట: నువ్వు తెరిచి ఇచ్చిన కవరు నాకు అతికే వచ్చింది, గంజితోనే. లోపల నీ ఉత్తరం ఎనుక ఒక చీటీ ఉన్నది. నీకు చెప్పలేదు గద, ఆ సాయంత్రం బడిల నా పక్కపొంటి కూసున్నది సారక్కనే. కార్డు చదివేటప్పుడు "భా" కాడ నేను ఆగిపోతె గుణింతం చెప్పి ముందుకు నడిపించింది గూడ ఆమెనే. అప్పుడేమన్నదో తెలుసా? "చూరుల చెక్కినవు గనుకనే నేను ఆ ఇంటికొచ్చిన ఒదినె, ఇగ మూయి" అన్నది. బార్డోలీ పేరు ఎక్కడ్నో విన్నదనుకున్నవా? ఎతికి పట్టుకున్నది. చీటీ ఉన్నదున్నట్టు రాస్తున్న, చదువుకో.

"ఒదినె, ఇగ ఆయనకు చెప్పు. ముప్పై ఏండ్ల సంది నాకు సదువు రాదని పదిమందిల చెప్తుంటె ఊకున్న. ఒక్కొక్క ఉత్తరం చదివి నవ్వు ఆపుకోలేక పక్కటెముకలు నొస్తున్నయి. స్కూల్ల పన్ననాడు మాత్రం నవ్వు రాలే, అందుకే భాగీరథికి ఫోన్ చేసిన. పెండ్లి పనులున్నయి. కవర్లకు గంజి వంచుడు ఇగ నాతోని కాదు."